అయస్కాంతం సారు

మొన్న వానాకాలంలో మా మేనత్తను చూడడానికి మా ఊరికి దగ్గర్లోని జైపూర్ అవతల ఉన్న ఆమె పల్లెకు పోయాను. ఇంటి వెనక మేకల కొట్టం ఉంది. దాని కప్పు మీద ఒక పాత ఫ్లెక్సీ పరిచి, గాలికి లేవకుండా మూలల్లో రాళ్ళు పెట్టారు. ఒక మడతలో వాన నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళ అడుగు నుంచి ఒక మనిషి రెండు చేతులూ చాపి నవ్వుతున్నాడు. ఎండకు ముఖం వెలిసిపోయింది కానీ పళ్ళు మాత్రం ఇంకా తళతళలాడుతున్నాయి. కింద అక్షరాలు సగం కనిపిస్తున్నాయి: "సంపద మీ హక్కు! రండి, అందుకోండి!"

ఆ అక్షరాలు కూర్చింది నేనే. ఆ పళ్ళను తెల్లగా చేసింది కూడా నేనే. ఆయన నా కంప్యూటర్ పక్కన కూర్చుని "ఇంకింత తమ్మీ, ఇంకింత తెలుపు" అంటుంటే చేశాను.

"ఎవలు బిడ్డా ఆయిన? ఎలచ్చన్ల నిలవడ్డడా?" అని అత్త అడిగింది.

"కాదత్తా. మాలిష్ చేసేటాయన."

"మాలిష్ చేసేటోనికి గింత పెద్ద బొమ్మనా?" అని ఆమె కాసేపు నోరు తెరిచి చూసింది. తర్వాత సర్దుకుని, "ఎవలైతేంది గని మంచిగున్నది. పైన ఏసినకాంచి సుక్క నీళ్ళు కారలే," అంది.

ఆయన తన గురించి చాలా పొగడ్తలు రాయించుకుపోయాడు నా దగ్గర. ఇంత నికార్సయిన పొగడ్త మాత్రం అదే మొదటిసారి విన్నాను.

గోదావరిఖనిలో మార్కెట్ దాటి వచ్చే ఒక సందులో మా దుకాణం. ఫ్లెక్సీలు రాకముందు నేను కుంచెతో బోర్డులు రాసేవాణ్ణి. మా పక్క మడిగెలో ఆయన భార్య పిండిగిర్ని నడిపేది. గిర్ని మీద రేకుల గది ఆయనది. పొట్టి మనిషి, బొద్దుగా ఉండేవాడు. దగ్గరికొస్తే నీలగిరి తైలం వాసన. మాట మొదలుపెట్టే ముందు రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకునేవాడు. చలికాలంలో అది బాగానే ఉండేది. మా ఊరి ఎండాకాలంలో, బొగ్గు గనుల వేడికి తారు రోడ్డే మెత్తబడే రోజుల్లో, ఎదుటివాళ్ళకు ఆ చేతులు చూస్తేనే చెమటలు పట్టేవి.

ఆయన తండ్రి గనిలో బొగ్గు నింపి నింపి రిటైరైనవాడు. కొడుక్కి ఆ ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ ఎదురుచూశారు. మా దగ్గర చాలా ఇళ్ళలో జరిగినట్టే అది రాలేదు. ఆయన ఎక్కడో ఒక ఆశ్రమంలో కొన్నాళ్ళుండి యోగా, మాలిష్, మట్టిపట్టీలు నేర్చుకుని తిరిగొచ్చాడు. నేను ఆయనకు మొట్టమొదట రాసిచ్చిన బోర్డు రేకు మీద, నీలం రంగులో: "ఇచ్చట నడుము, మెడ, భుజము నొప్పులకు మాలిష్ చేయబడును." ఆ చివరి అక్షరం కొంచెం వంకరపోయింది. తుడిచి మళ్ళీ రాస్తానంటే, "ఉండనీ తమ్మీ. నొప్పితోని ఒంకరపోయినోడు అక్షరం ఒంకర చూస్తడా?" అన్నాడు.

అప్పటి మనిషి వేరు. ఆయన చేతుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథలో నవ్వే మిగులుతుంది. రాత్రి షిఫ్టు దిగిన ఫిల్లర్లు, అంటే బొగ్గు తట్టలకెత్తి టబ్బుల్లో పోసేవాళ్ళు, ఇంటికి పోకముందే ఆ మెట్లెక్కేవాళ్ళు. ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కేవాళ్ళు, దిగేటప్పుడు చేతులూపుకుంటూ దిగేవాళ్ళు. దుకాణంలో కూర్చుని రోజూ చూసేవాణ్ణి. ఏం చేసేవాడో తెలియదు కానీ, నొప్పి ఎక్కడుందని అడిగే అలవాటు లేదాయనకు. బొటనవేలు వీపు మీద అలా నడుచుకుంటూ పోయి ఒకచోట ఆగేది. అక్కడ ఆగగానే పడుకున్నవాడు "అబ్బా" అనేవాడు.

ఎంతివ్వాలని అడిగితే "నీ ఇష్టం కాకా" అనేవాడు. వాళ్ళ ఇష్టం ఎప్పుడూ చిన్నదే. ఒకడు పది కాగితం ఇస్తే, ఒకడు సొరకాయ ఇచ్చేవాడు, ఇంకొకడు "జీతాల దినం చూసుకుందాం తియ్యి" అనేవాడు. అదే మనిషి ఆ పొద్దు మందు దుకాణం ముందు బేరమాడకుండా డబ్బు తీసిచ్చేవాడు. ఆయన పైనుంచి కిటికీలో చూసేవాడు.

ఒక పెద్ద ఆఫీసర్ ఆయన్ని ఆదివారం ఆదివారం బంగళాకు పిలిపించుకునేవాడు. ఏడాదంతా వీపు ఇచ్చి, జనవరిలో ఒక కొత్త డైరీ చేతిలో పెట్టి పంపాడు. ఆయన దాన్ని తెచ్చి మా దుకాణంలో బల్ల మీద పెట్టాడు.

"తమ్మీ, అట్ట మంచిగున్నది గదా?"

"మంచిగున్నది అన్నా."

"దీంట్ల నేనేం రాసుకోవాలె?"

నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వు ఆయనకు ఆ రోజు సరిపోలేదు, చిన్న చొక్కాలా బిగుసుకుపోయింది.

ఆ తర్వాత ఎండాకాలంలో ఆశ్రమంలో పరిచయమైన ఎవరో ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో, సొంతంగా పనిచేసుకునే ఆరోగ్య నిపుణులకు తరగతులట. రోగుల్ని ఎలా బాగుచెయ్యాలో అక్కడ చెప్పరు. రోగుల్ని బాగుచేసేవాళ్ళు ఎలా బాగుపడాలో చెప్తారు. ఫీజు కోసం గిర్నికి కొత్త మోటరు కొనడానికి వదిన దాచిన డబ్బు తీశాడు. వదిన అంటే ఆయన భార్య. సందులో అందరికీ ఆమె వదినే.

"మోటరు ఆగిపోతె ఏం తింటం?" అని ఆమె అడిగింది.

"ముందుగాల మనసుల మోటరు తిరగాలెనే," అని ఆయన బస్సెక్కాడు.

తిరిగొచ్చేటప్పుడు ఒంటి మీద కోటు ఉంది. రోహిణి కార్తెలో, గోదావరిఖనిలో, నల్ల కోటు. బస్టాండు నుంచి నడిచొచ్చేసరికి లోపలి చొక్కా పిండుకోవచ్చు. సందులో అందరూ బయటికొచ్చి చూశారు. ఎవరో వకీలు వస్తున్నాడని టీ కొట్టు మల్లయ్య లేచి నిలబడ్డాడు కూడా.

"ఏం తెచ్చినవు?" అని వదిన గిర్ని లోపలి నుంచి అరిచింది.

"మైండ్‌సెట్!"

మోటరు మోతలో ఆమెకు సగమే వినిపించింది. "ఏం సెట్టు? స్టీలుదా?" అంది.

ఆ రోజు నుంచి మా సందులో కొన్ని మాటలు నిషేధం. మొదటిది 'లేదు'. ఆయన ఎదురుగా ఎవరూ 'లేదు' అనకూడదు. 'లేదు' అంటే లేమి వస్తుందట, 'వస్తున్నది' అంటే వస్తుందట. మల్లయ్య దగ్గర టీ తాగి యాభై నోటు ఇచ్చాడు ఒక పొద్దున.

"చిల్లర లేదు సారు."

"లేదు అనకు మల్లన్నా. చిల్లర వస్తున్నది అను."

మల్లయ్య నోటును ఒకసారి, ఆయన్ని ఒకసారి చూశాడు. "చిల్లర వస్తున్నది సారు," అని నోటు గల్లాలో వేసుకున్నాడు. ఆ చిల్లర ఇంకా వస్తూనే ఉంది.

రెండోది 'పేషంటు'. ఇక వాళ్ళు క్లయింట్లు. మూడోది 'నీ ఇష్టం'. ఇప్పుడు ప్యాకేజీ ఉంది. రేకు బోర్డు దించేసి నా చేత ఫ్లెక్సీ వేయించాడు. మొదట 'యోగా గురువు' అని, మూడు నెలలకు 'వెల్‌నెస్ కోచ్' అని, తర్వాత 'ఆరోగ్య సంపద మార్గదర్శి' అని. హోదా పెరిగినకొద్దీ ఫ్లెక్సీ పొడవు పెరిగేది. చివరికి గిర్ని బోర్డు దాని వెనక్కి పోయింది. పిండి పట్టించుకునేవాళ్ళు ఆయన నవ్వు కింద నుంచి వంగి లోపలికి రావాల్సి వచ్చేది.

నేను మనసులో నవ్వుకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన చెప్పినదంతా చెత్త కాదు. ఒక మధ్యాహ్నం నా దుకాణంలో కూర్చుని, "తమ్మీ, నీ చేతిపనికి నువ్వే ధర కట్టకపోతె ఊరు కడుతదా? ఊరు సొరకాయ ఇస్తది," అన్నాడు. ఆ మాట నాకు తగిలింది. నేనూ జనం బేరాలకు తలవంచి అరిగిపోతున్నవాణ్ణే. ఆ వారమే ధైర్యం చేసి ఫ్లెక్సీ రేటు పెంచాను. పెంచిన రేటు మీద మొదటి బిల్లు ఆయనకే పడింది.

"గిదేంది తమ్మీ! నాకు గూడనా?" అన్నాడు.

ఇక ఆయన లక్ష్యం. నెలకు లక్ష. ఎక్కడి నుంచి, ఎవరి దగ్గర, ఏం చేసి అన్నది తర్వాతి మాట. ముందు అంకె ఉండాలట. ఆ అంకెను బంగారు రంగులో అచ్చు వేయించి గదిలో అద్దం పక్కన అతికించాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా అరిచేవాడు: "నేను డబ్బును గుంజే అయస్కాంతాన్ని!"

గట్టిగా అరవకపోతే విశ్వానికి వినబడదట. విశ్వం సంగతేమో కానీ, కింద గిర్నిలో వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళకు మాత్రం బాగా వినబడేది. ఒకామె ఒకరోజు జొన్నల డబ్బా నడుముకు పెట్టుకుని పైకి చూసి, "అయస్కాంతానికి ఇనుము అంటుకుంటది గని నోట్లు అంటుకుంటయా?" అంది. ఇంకొకామె, "చిల్లర అంటుకుంటది తియ్యవ్వా," అంది. వరుసంతా నవ్వింది. వదిన నవ్వలేదు, గిర్నికి ఇంకొంచెం గింజలు వంచి మోత పెంచింది. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన పేరు అయస్కాంతం సారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ బంగారు అంకె గోడకు అతికించడానికి పోయిన రోజు నేను పైనే ఉన్నాను. అప్పుడే సారు కాకా అని పిలిచే ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. సారు తండ్రితో కలిసి ఒకే గనిలో బొగ్గు నింపిన మనిషి, ఇంకా సర్వీసు ఉంది. నడుము పట్టేసి ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. ఎప్పటిలాగే చొక్కా విప్పబోయాడు. సారు ఆపి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కాకా, ముందుగాల ఒకటి చెప్పు. పైసలు అనంగనే నీ మనసుల ఏం మెదులుతది?"

"ఏం మెదులుతది బిడ్డా? ఉంటె గదా మెదిలేటిది."

"అదే! అదే నీ రోగం! నీ నొప్పి నడుముల లేదు కాకా. పైసలంటె చిన్నప్పటికెల్లి నీకున్న భయం పోయి నడుముల గడ్డకట్టింది."

కాక ఆయన్ని జాలిగా చూశాడు. "నా మనసును ఇంటికాడ వెట్టొచ్చిన బిడ్డా. నడుమొక్కటే తెచ్చిన. జెర దాన్ని చూడు."

సారు ప్యాకేజీ సంగతి చెప్పాడు. మాలిష్‌తో పాటు ఆలోచనా శుద్ధి కూడా అందులోనే ఉంటుందన్నాడు. ధర చెప్పాడు. కాక కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు.

"గంతనా? గంతల నేను కొత్త నడుమే కొనుక్కుంట కొడుకా."

ఆ మెట్లు ఎక్కినట్టే గోడ పట్టుకుని దిగిన మనిషిని నేను మొదటిసారి చూశాను. సారు కిటికీ దగ్గరికి పోయి చూస్తూ నిలబడ్డాడు. ముఖం గంభీరంగానే ఉంది. కానీ రెండు అరచేతులూ వాటంతటవే రుద్దుకుంటున్నాయి. వాటికి ఇంకా మైండ్‌సెట్ రాలేదు. చూసుకుని వాటిని కోటు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

ఫిల్లర్లు రావడం తగ్గింది. కొన్నాళ్ళు జ్యోతినగర్ ఆయన్ని నిలబెట్టింది. పవర్ ప్లాంటు క్వార్టర్లలో ఇంజనీర్ల ఇళ్ళకు స్కూటర్ మీద పోయి యోగా చెప్పేవాడు. అక్కడ 'క్లయింట్' అంటే ఎవరూ నవ్వరు, ప్యాకేజీ అంటే రసీదు అడుగుతారు. ఆ కొద్ది నెలల్లో గొంతు కూడా మారింది. ఫోన్లో "అండి" వచ్చి చేరింది. సందులోకి రాగానే అది ఊడిపోయేది.

జ్యోతినగర్‌లో ఇద్దరు మేడమ్‌లు మెచ్చుకోగానే ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. తనకు తెలిసిన రహస్యం తనలాంటివాళ్ళకు చెప్పాలి. ఒక ఫంక్షన్ హాలు తీసుకుని 'ఆరోగ్య నిపుణుల సంపద శిబిరం' పెట్టాడు. మేకల కొట్టం మీదికి చేరిన ఫ్లెక్సీ అప్పటిదే. బ్యానర్లు కట్టడానికి పోయి నేను వెనక కుర్చీలో కూర్చుండిపోయాను.

వచ్చినవాళ్ళు ఒక బ్యూటీపార్లర్ అమ్మాయి, నడుముకు కట్టుకునే బెల్టులు అమ్మేవాడు, తలకు మాలిష్ చేసే సెలూన్ ఆయన, ఒకే మైదానంలో ఒకే జనానికి యోగా చెప్తూ మాట్లాడుకోని ఇద్దరు మాస్టర్లు. ఇంకా ముందు వరుసలో ఒక అవ్వ. బాలింతలకు ఒళ్ళు పట్టి తానం చేయిస్తుంది. సారు కూడా పుట్టినప్పుడు ఆమె చేతుల్లోనే తానమాడాడని ఊళ్ళో అంటారు. ఆమెకు మాత్రం ఫీజు లేదు. ఫొటోలో ఉండాలని పిలిచాడు.

అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. పైనుంచి నోట్ల వాన పడుతున్నట్టు చూడమన్నాడు. మాస్టర్లిద్దరూ కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరి మీద ఎక్కువ పడుతోందో అన్నట్టు మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి చూసుకున్నారు. అవ్వ హాయిగా నిద్రపోయింది. తర్వాత ఒక్కొక్కరినీ లేపి నెలవారీ లక్ష్యం చెప్పమన్నాడు. మొదటి మాస్టర్ లక్ష అన్నాడు. రెండో మాస్టర్ వెంటనే రెండు లక్షలన్నాడు. పార్లర్ అమ్మాయి భయపడి యాభై వేలంది. వంతు అవ్వకు వచ్చింది. ఎవరో కదిలించి లేపారు.

"అవ్వా, నీ లక్ష్యమెంత?"

"నాకేం లక్ష్యం బిడ్డా. నెలకు ఇద్దరు బాలింతలు దొరికితె సాలు. పాణం నడుస్తది."

"గింత చిన్నగ ఆలోచించొద్దు అవ్వా! ఇద్దరు కాదు, ఇరవై మంది! గట్టిగ చెప్పు, ఇరవై మంది!"

అవ్వ కొంగు సర్దుకుంది. "నాదేమున్నది కొడుకా. నీళ్ళు కాగవెట్టుకోని కూసుంట. ఇరవై మంది కావాలంటె నువ్వు నాకు చెప్పుడు గాదు, ఊర్ల మొగపిలగాండ్లకు చెప్పాలె."

బెల్టులాయన కుర్చీలోంచి జారిపోయాడు. ఎప్పుడూ మాట్లాడుకోని యోగా మాస్టర్లిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సారు కూడా చేతులు చాపి, "నవ్వు గూడ సంపదనే!" అన్నాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ శిబిరం విని పార్లర్ అమ్మాయి రేట్లు పెంచింది. ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలి పార్లర్‌కు పోయారు. నెల తిరక్కుండా ఆమె పాత రేట్లతో కొత్త బోర్డు వేయించుకుంది. దాన్నీ నేనే అచ్చు వేశాను. నిజం చెప్పాలంటే ఆయన సూత్రాలు పనిచేసింది నా ఒక్కడికే.

జ్యోతినగర్ మీద నమ్మకంతో మెయిన్ రోడ్డు మీద పెద్ద అద్దె కట్టి సెంటర్ తెరిచాడు. ఏసీ, మెత్తని కుర్చీలు, గోడకు సిమెంటుతో చేసిన జలపాతం. స్విచ్ వేస్తే నీళ్ళు పడేవి. నీళ్ళు పడే చప్పుడుకు సంపద వస్తుందట. వచ్చినవాళ్ళకు మాత్రం మూత్రం వచ్చేది.

ఆ సెంటర్ నిలదొక్కుకోకముందే తెలంగాణ కోసం ఊరంతా పని ఆపింది. గనుల మీద చక్రాలు ఆగాయి. వాటితో పాటు జీతాలు. బడులు మూసేశారు. వంటలు రోడ్డు మీదే, పాటలు రోడ్డు మీదే. ఆ రోజుల్లో మా దగ్గర ఒకటో తారీఖు వచ్చినట్టే తెలియలేదు. కూరగాయలమ్మి నుంచి సినిమా హాలు దాకా అందరి గల్లాలూ ఒకేసారి ఖాళీ. అప్పుడు తెలిసింది, ఆయన విశ్వం అని పిలుస్తున్నది ఏ ఆకాశంలోనో లేదు, గని ముందర జీతాల కిటికీలో ఉందని. సెంటర్‌కు ఒక్కరూ రాలేదు. జలపాతం ఆపేశాడు.

ఒక మధ్యాహ్నం సమ్మె శిబిరం దగ్గరికి వచ్చాడు. అదే కోటు, మెడలో కండువా. కార్మికులు గుడ్డపందిరి కింద కూర్చున్నారు, పక్కన పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. యోగా చెప్తాడేమోనని మైకు ఇచ్చారు.

"అన్నలారా! జీతం లేదు అనుకోవద్దు. జీతం వస్తున్నది అనుకోవాలె."

"ఎక్కడికెల్లి వస్తున్నది సారు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు, నిజంగానే తెలుసుకుందామని.

"విశ్వం నుంచి!"

"విశ్వమెవలు? కొత్తగ వచ్చిన జీఎమ్మా?"

పందిరి కింద నవ్వులు లేచాయి. చాలా రోజుల తర్వాత ఆ మనుషులు అలా నవ్వడం చూశాను. అక్కడితో ఆపేస్తే ఆయన్ని భుజాల మీద ఎత్తుకునేవాళ్ళు. ఆపలేదు. సమ్మెలో ఉన్నవాళ్ళకు తన సంపద కోర్సు సగం ధరకే ఇస్తానని ప్రకటించాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఒక కుర్రాడు లేచి మీదికి రాబోతే, అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, వంకర నడుము కాక ముందుకొచ్చాడు. సారు చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుని పక్కన పెట్టాడు. మైకులో కాదు, మామూలుగానే మాట్లాడాడు.

"మీ నాయిన నేను కలిసి బొగ్గు నింపినం బిడ్డా. గిసొంటి సమ్మెలల్ల కలిసి కూసున్నం. నువ్వు ఆకలి మీదున్నట్టున్నవు. రా, కూసో. ముద్ద తిను."

ఆకు వేశారు. అన్నం, పప్పు, మామిడి తొక్కు. ఆయన కోటు విప్పి పక్కన పెట్టి తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన ముఖమే చూస్తున్నాను. మెత్తబడతాడేమో, లేచి కాక నడుం మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను. చెయ్యి కడుక్కుని, నా పక్కకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు:

"చూసినవా తమ్మీ? జీతాలు లేకున్నా ఫ్రీగ పెడుతున్నరు. అందుకే వీళ్ళు ఎదుగరు."

ఆ తర్వాత కొద్ది రోజులకే సెంటర్ తాళం ఇంటి ఓనర్ చేతికి పోయింది. ఆయన బ్యాగు సర్దుకుని హైదరాబాద్‌కు బయల్దేరాడు. బస్సెక్కే ముందు నా దుకాణం ముందు ఆగి, "ఈ ఊరి గాలిల్నే పేదరికం ఉన్నది తమ్మీ," అన్నాడు.

"గాలిల ఉన్నది బొగ్గు దుమ్ము అన్నా," అన్నాను.

వినిపించుకోలేదు. వదినను రమ్మన్నాడు. గిర్ని వదిలి రానంది ఆమె. కొట్లాట కాలేదు. ఆయన బ్యాగు ఆమే బస్టాండు దాకా మోసుకుపోయి వచ్చి, మళ్ళీ మోటరు వేసింది.

అలాంటి మనిషి అక్కడ దెబ్బతిని తలవంచుకుని తిరిగొస్తాడని సందంతా పందెం కాసింది. అందరమూ ఓడిపోయాం. రాష్ట్రం వచ్చేనాటికి ఆయన లక్ష్యం అందిందనీ, దాటిపోయిందనీ కబురొచ్చింది. నడుములు పట్టడం పూర్తిగా మానేశాడు. ఇప్పుడు నడుములు పట్టేవాళ్ళను పట్టాడు. ఫిజియోథెరపీ పిల్లలు, యోగా మాస్టర్లు, డైట్ చెప్పే అమ్మాయిలు హోటల్ హాల్లో వరుసగా కూర్చుని, తమ లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలో ఆయనకు డబ్బు కట్టి నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఎవరి లక్ష్యం అందిందో తెలియదు. ఆయనది మాత్రం వాళ్ళ చేతనే అందింది. ఇక్కడ మా ఫిల్లర్లు నొప్పికి గోలీలు మింగుతున్నారు. పైన రేకుల గదిలో వదిన పిండి సంచులు పెట్టుకుంది.

అత్త ఊరి నుంచి తిరిగొచ్చిన వారంలో గోధుమలు పట్టించడానికి గిర్నికి పోయాను. వదిన ఒంటరిగా ఉంది. కుడి చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని, ఎడమ చేత్తోనే అన్నీ జరుపుతోంది.

"చెయ్యికేమైంది వదినా?"

"రెక్క లేస్తలేదు తమ్మీ. డబ్బాలు ఎత్తి ఎత్తి బుజం పట్టింది. జడ గూడ ఏసుకోరాట్లేదు."

"అన్నకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. మొన్న పెండ్లికని వచ్చిండు గదా, అప్పుడు చెప్పిన."

"ఏమన్నడు?"

ఆమె మోటరు ఆపింది. ఆ మాట మోతలో చెప్పదలుచుకోలేదేమో. "ఊరికె చేస్తె విలువ ఉండదంట తమ్మీ. ఒంటికి గూడ పట్టదంట. ఇంట్లోళ్ళకైతె సగం ఫీజేనన్నడు."

"ఎవరికి?"

"నాకే."

ఆమె ముఖంలో ఏడుపు లేదు, కోపం కూడా కనిపించలేదు.

"మరి నువ్వేమన్నవు?"

"ఏమంట. అన్నం వెట్టిన. కోడికూర, జొన్నరొట్టె. మంచిగ తిన్నడు. చెయ్యి కడుక్కున్నంక బిల్లు చెప్పిన."

"బిల్లా?"

"కూరకు గింత, రొట్టెకు గింత, పక్కన కూసోని వడ్డించినందుకు గింత. ఇంట్లోళ్ళకు సగమే అని గూడ చెప్పిన."

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. నవ్వితే భుజం గుంజిందేమో, ఎడమ చేత్తో పట్టుకుంది.

"కొట్లాడిండా వదినా?"

"కొట్లాడితె ఎంత మంచిగుండు తమ్మీ. జేబులకెల్లి తీసి పూరా కట్టిండు. సగం గాదు, పూరా. కట్టి, నా బుజం తట్టిండు. గీ నొచ్చే బుజమే. 'ఇగో, ఇప్పుడు నీ మైండ్‌సెట్ మారింది' అని మెచ్చుకున్నడు."

బయట ఎవరో డబ్బా దించిన చప్పుడైంది. వదిన అటు చూసి, వస్తున్నానని తల ఊపి, మోటరు స్విచ్ మీద చెయ్యి పెట్టింది.

"ఆ పైసల్తోనే దవాఖానకు పోయి సూదేయించుకున్న," అంది. "రెండు దినాలు మంచిగనే ఉండె."